గాలి అడిగిన కిటికీ: ఒక డీటీపీ ఆపరేటర్ మొదటి స్లైడ్ కవిత మీద కేస్ స్టడీ

నేను విశాఖ ద్వారకానగర్‌లో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ నేర్పుతాను. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, టాలీ. వచ్చేది ఎక్కువగా ఉద్యోగాల వేటలో ఉన్న డిగ్రీ పిల్లలు. శనివారం క్లాసులు అయిపోయాక మాత్రం సొంత సరదా కొద్దీ పవర్‌పాయింట్‌లో కవితలు కడుతుంటాను. రాస్తుంటాను అనను. మాట రాయడం ఒక పూట పని, ఆ మాట తెర మీదికి ఎప్పుడు రావాలి, ఎంతసేపు ఉండాలి, ఎటు పోవాలి అన్నది నాలుగు పూటల పని. ఇప్పటికి డజను దాకా చేశాను, నలుగురికి చూపించదగ్గవి మూడో నాలుగో.

ఈ కేసు నాది కాదు. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడది. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు వద్దన్నారు.

మనిషి, నోటు పుస్తకం

వయసు యాభై రెండు. జగదాంబ జంక్షన్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేశారు. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, వర్ధంతి కార్డులు. వీటి మధ్యలో కవుల పుస్తకాలు. ఆవిడ లెక్కన నలభైకి పైగా కవితా సంపుటాలు ఆవిడ వేళ్ళ మీదుగానే అచ్చుకు వెళ్ళాయి. సెంటర్ మూతపడింది. పవర్‌పాయింట్ వస్తే ఏదో ఒక ఆఫీసులో పని దొరుకుతుందని మా దగ్గర చేరారు.

మూడో వారం, యానిమేషన్ పాఠం చెబుతూ నా కవిత ఒకటి ప్రొజెక్టర్ మీద వేశాను. పిల్లలు నవ్వి వెళ్ళిపోయారు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

"ఇది ఏటి మేడమ్? కవితా, పీపీటీయా?"

"రెండూనండి."

"నా దగ్గర కూడా ఒకటుంది. కానీ నేను టైపు చేసేదాన్నే, రాసేదాన్ని కాదు."

ఈ చివరి వాక్యాన్ని తర్వాత తొమ్మిది శనివారాల్లో కనీసం పదిసార్లు విన్నాను. మొదట వినయం అనుకున్నాను. కాదు, అది ఆవిడకి ఉద్యోగం నేర్పిన హద్దు. టైపు చేసే మనిషి మాట మార్చకూడదు. కవి తప్పు రాసినా తప్పే కొట్టాలి, పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి అడగాలి.

మరుసటి వారం నోటు పుస్తకం తెచ్చారు. 2014 అక్టోబరు నాటిది. ఆ నెల 12న, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖ మీదనే తీరం దాటింది. గంటకు సుమారు 185 కిలోమీటర్ల గాలి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. డీటీపీ సెంటర్‌కి తాళం. పాతనగరంలో ఇంట్లో కొవ్వొత్తి పెట్టుకుని రాసుకున్నది ఇది:

గాలి వచ్చి
కిటికీ అడిగింది
ఇచ్చేశాం

తలుపు అడిగింది
ఇచ్చేశాం

పెరట్లో బాదం చెట్టు అడిగింది
మేం మాట్లాడకముందే
తీసుకుపోయింది

కాసేపు ఊరుకుంది

ఏదో మరిచిపోయినట్టు
వెనక్కి వచ్చింది
ఈసారి అడగలేదు

మర్నాడు
ఇంటినిండా ఎండ

పక్కింటావిడ చేటకో చెంబుకో వచ్చినట్టు గాలి గుమ్మంలోకి వచ్చి అడుగుతోంది. నాకు వెంటనే నచ్చింది. ఆవిడ మాత్రం "మా సెంటర్‌కి వచ్చే కవులు చూస్తే నవ్వుతారు, ఇందులో ఒక్క పెద్ద మాట కూడా లేదు" అన్నారు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

ఇంటి దగ్గర కొడుకు ల్యాప్‌టాప్‌లో ఆవిడే కట్టుకొచ్చారు. వెనకాల తుపాను ఫోటో, ఈల వేసే గాలి చప్పుడు, ఒక్క స్లైడ్ మీద 41 యానిమేషన్లు. 'గాలి' గిరగిరా తిరుగుతూ వచ్చింది. 'కిటికీ' బంతిలా ఎగిరింది. 'ఎండ' చుట్టూ నిప్పురవ్వలు.

చూసి, "పెళ్ళి వీడియోలా ఉందండి, అన్నీ తీసేయండి" అన్నాను.

ఆవిడ తలూపారు. అక్కడే ఒక్కొక్కటీ తీసేశారు. తర్వాత రెండు వారాలు రాలేదు.

నేర్పేవాళ్ళ కోసం ఈ తప్పు వివరంగా రాస్తున్నాను. ఆ 41 యానిమేషన్లలో ఆరేడు మంచివి ఉన్నాయి. 'తీసుకుపోయింది' అనే మాటని ఆవిడ మిగతావాటిలా తిప్పలేదు, తెర అంచుకి ఈడ్చుకెళ్ళి సగం బయట, సగం లోపల ఆపారు. అది నా కంటికి ఆనలేదు. చూసుంటే "ఇదొక్కటి ఉంచండి, ఎందుకిలా పెట్టారో చెప్పండి" అని ఉండేదాన్ని. తన మీద తనకే నమ్మకం లేని మనిషితో 'అన్నీ' అనే మాట అనకూడదు. వాళ్ళు దాన్ని స్లైడ్ గురించి అన్నట్టు వినరు.

ఫోన్ చేస్తే "జ్వరం మేడమ్" అన్నారు. రెండోసారి చేసినప్పుడు కవిత ఊసెత్తలేదు. మీ చేతిలో పడ్డ పుస్తకాల్లో అన్నిటికంటే కష్టపెట్టింది ఏది అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు, ఏదో మాట్లాడాలని. ఆవిడ గొంతు మారింది. ఒక పెద్దాయన శతకంలో చివర నాగబంధం ఉందట. పాము మెలికల్లో పద్యం. రెండు మెలికలు దాటుకునే చోట ఒకే అక్షరం పడాలి, దాన్ని పద్యంలో రెండుసార్లు చదవాలి. పేజ్‌మేకర్‌లో కుదరక, కోరెల్‌డ్రాలో పాముని గీసి, ఒక్కో అక్షరాన్ని విడిగా పెట్టి, మెలిక తిరిగే కొద్దీ అక్షరాన్ని ఒరగదీస్తూ నాలుగు రాత్రులు కూర్చున్నారట. "పెద్దాయన పడగ దగ్గర వేలు పెట్టి తోక దాకా చదివేరు. ఎక్కడా ఆగలేదు" అన్నారు.

"మరి అక్షరం ఎక్కడ ఉంటే పద్యం ఎలా నడుస్తుందో మీకు తెలుసు కదండీ. నేను నేర్పేది అదే. పాము బదులు గాలి."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "శనివారం ఎన్నింటికి?" అన్నారు.

ఇలాంటి పని ఇంకెవరైనా చేశారా అని ఆ శనివారం అడిగారు. చెప్పాను. కెనడా కవి బి.పి. నికోల్ 1984లోనే ఆపిల్ కంప్యూటర్ మీద బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కదిలే కవితలు కట్టాడు. పవర్‌పాయింట్ అప్పటికి పుట్టనే లేదు, అది 1987లో మెకింతోష్ కోసం వచ్చింది. 2003లో డేవిడ్ బర్న్ అనే సంగీతకారుడు పవర్‌పాయింట్‌నే కళగా వాడి ఒక పుస్తకం, డీవీడీ తెచ్చాడు. ఆవిడ అన్నీ విని, "అయితే మనం ముందూ కాదు, వెనకా కాదు" అన్నారు. నాగబంధం లాంటి, బొమ్మలో పద్యం పొదిగే బంధకవిత్వం ఎంత పాతదో గుర్తు చేస్తే మాత్రం నవ్వారు.

ఎవరు నొక్కాలి

ఈసారి ఖాళీ స్లైడ్‌తో మొదలుపెట్టాం. లేత బూడిద రంగు వెనకాల, నల్ల అక్షరం, ఫోటో లేదు, చప్పుడు లేదు. ఆవిడ చెయ్యి ఇరవై ఏళ్ళుగా పాత డీటీపీ ఫాంట్లయిన అను ఫాంట్ల 'ఆపిల్' అనే కీబోర్డు అమరిక మీద పరిగెత్తిన చెయ్యి. ఏ సిస్టమ్‌లో తెరిచినా తెలుగుగానే కనబడే యూనికోడ్‌కి, ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే కీబోర్డు అమరిక వేసేసరికి 'గాలి' అని కొట్టడానికి వెతుక్కోవలసి వచ్చింది. "మళ్ళీ అఆలు దిద్దుతున్నట్టుంది" అన్నారు. రెండు శనివారాలు ఇందులోనే పోయాయి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు, ఓపిక పట్టాలి అంతే.

అసలు చర్చ క్లిక్ దగ్గర వచ్చింది. పవర్‌పాయింట్‌లో ప్రతి యానిమేషన్‌కీ మొదలయ్యే తీరు మూడు రకాలు: నొక్కితే రావడం, ముందుదానితో కలిసి రావడం, ముందుది అయ్యాక రావడం. ఆన్ క్లిక్, విత్ ప్రీవియస్, ఆఫ్టర్ ప్రీవియస్. ఆఫీసు పీపీటీలో ఇది సౌకర్యం సంగతి. కవితలో మాత్రం ఇదే నడక. ఆవిడ అంతా దానంతట అదే నడవాలన్నారు, వీడియోలాగా. నేను కవిత గట్టిగా చదివి అడిగాను: "కిటికీ ఇచ్చేసింది ఎవరు?"

"మేమే."

"చదివేవాళ్ళ చేత ఇప్పిద్దామా?"

అలా తేలింది. 'కిటికీ అడిగింది' వచ్చి ఆగిపోతుంది. చదివేవాళ్ళు కిటికీ అనే మాట మీద నొక్కాలి. నొక్కితే ఆ మాట ఎగిరిపోయి 'ఇచ్చేశాం' వస్తుంది. తలుపు కూడా అంతే. రెండుసార్లు అలవాటు చేశాక, బాదం చెట్టు దగ్గర చదివేవాళ్ళు వేలు సిద్ధం చేసుకుంటారు. అప్పటికే చెట్టు పోతుంది. 'మేం మాట్లాడకముందే' అన్నది మళ్ళీ వివరించాల్సిన పని లేదు. ఇక అక్కణ్ణుంచి చివరిదాకా క్లిక్ లేదు.

దీనికి ట్రిగ్గర్ వాడాలి. యానిమేషన్స్ ట్యాబ్‌లో ట్రిగ్గర్ కింద, ఏ వస్తువు మీద నొక్కితే కదలాలో ఎంచుకోవచ్చు. అంతకుముందే సెలెక్షన్ పేన్ తెరిచి ప్రతి మాటకీ పేరు పెట్టుకోవాలి, లేకపోతే 'టెక్స్ట్‌బాక్స్ 17' ఏదో, 'టెక్స్ట్‌బాక్స్ 23' ఏదో తెలియక పిచ్చెక్కుతుంది. ఆవిడ మాత్రం ఏ గొడవా లేకుండా అన్నిటికీ పేర్లు పెట్టేశారు. శుభలేఖల ఫైళ్ళు ఇరవై రెండేళ్ళు సర్దిన చెయ్యి కదా.

ఇంకో చిక్కు: ఓపిక లేనివాళ్ళు ఎక్కడపడితే అక్కడ నొక్కుతారు, మామూలు షోలో అయితే కవిత ముందుకి దూకేస్తుంది. సెటప్ స్లైడ్ షోలో కియోస్క్ పద్ధతి పెడితే ఖాళీ చోట నొక్కినా ఏమీ కాదు, ట్రిగ్గర్లు, లింకులు మాత్రమే పనిచేస్తాయి. మాకు కావలసింది అదే.

గాలి వేగం గురించి ఒక్క మాట. మోషన్ పాత్ పెడితే వస్తువు మెల్లగా కదిలి మెల్లగా ఆగుతుంది, స్మూత్ స్టార్ట్, స్మూత్ ఎండ్ అని ఉంటాయి. అది లిఫ్టు నడక. గాలి అలా రాదు. రెండూ సున్నాకి తెచ్చాం.

చెట్టు కింద ఒత్తు

ఈ కేసులో నేను నేర్చుకున్నది ఇక్కడుంది.

కిటికీ, తలుపు మాటకి మాట మొత్తం పోతాయి. చెట్టు మాత్రం అక్షరం అక్షరంగా పోవాలని ఆవిడ పట్టుదల. బా, దం, చె, ట్టు. ఒక్కో అక్షరానికి పదో వంతు సెకను తేడా. చేసి చూశాం, బాగానే ఉంది. ఆవిడ తెర వంక అలాగే చూస్తూ, "ట కింద ఒత్తు చూడండి, వేరులా లేదూ?" అన్నారు.

చెట్టు పోవాలి, ఒత్తు నేలలో మిగలాలి. మా పెరట్లో అలాగే మిగిలింది అన్నారు.

చెప్పినంత సులువు కాదు. 'ట్టు' కంటికి ఒక్క అక్షరమే, కానీ కంప్యూటర్ లోపల దాచుకునేవి నాలుగు: ట, పొల్లు, మళ్ళీ ట, కొమ్ము. నాలుగూ కలిస్తేనే ఫాంట్ ఆ రూపం కట్టిస్తుంది. ఒత్తు ఒక్కదాన్నే కొడదామంటే పైన ఆధారం లేక చుక్కల సున్నా ఒకటి వచ్చి కూర్చుంటుంది. నేను అరగంట కుస్తీ పట్టాను. ఆవిడ పక్క సిస్టమ్‌లో అను ఫాంట్ పెట్టి టక్కున ఒత్తు కొట్టి చూపించారు. పాత ఫాంట్లలో ఒత్తు ఒక విడి బొమ్మ, దానికంటూ విడిగా ఒక కీ. యూనికోడ్ తెలిసిన నాకు రానిది, 'పాతకాలం' ఆవిడకి ఒక్క నొక్కులో వచ్చింది. ఆ రోజు 'నేను టైపు చేసేదాన్నే' అన్న మాట ఆవిడ నోట రాలేదు.

కానీ ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే ఒత్తు ఉన్నచోట ఏదో ఇంగ్లిషు గుర్తు వస్తుంది. అందుకని చివరికి ఇలా చేశాం. యూనికోడ్‌లోనే 'ట్టు' పెద్దగా కొట్టి, దాని మీద ఒక డబ్బా గీసి, రెండిటినీ ఎంచుకుని మెర్జ్ షేప్స్‌లో ఫ్రాగ్మెంట్ నొక్కాం. అక్షరం ముక్కలవుతుంది. ఒత్తు పై అక్షరానికి అంటుకోని ఫాంట్ అయితేనే విడి ముక్కగా వస్తుంది. మాకు నాలుగో ఫాంట్‌కి కుదిరింది. మిగిలిన డబ్బా ముక్కలు, అక్షరాల కడుపులో సున్నా చుట్టిన చోట వచ్చే ముక్కలు ఏరి పారేయాలి. ఒకసారి ముక్కలు చేశాక అది బొమ్మే, మాట కాదు, తప్పు దిద్దడానికి వీలుండదు. అందుకే ముందే స్లైడ్‌కి నకలు తీసి దాచుకోవాలి. చూపు లేనివాళ్ళ స్క్రీన్ రీడర్ కూడా ఆ ముక్కల్ని చదవలేదు, ఆల్ట్ టెక్స్ట్‌లో 'చెట్టు' అని రాసిపెట్టాం.

ఇప్పుడు బా, దం, చె, టు ఎగిరిపోతాయి. తెర అడుగున ఒత్తు ఒక్కటే ఉండిపోతుంది.

పంతొమ్మిది సెకన్లు

తుపాను కన్ను ఆ రోజు నగరం మీదుగా వెళ్ళింది. కన్ను వచ్చినప్పుడు గాలి ఆగుతుంది, దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. ఆ నడిమధ్యాహ్నం జనం 'అయిపోయింది' అనుకుని బయటికొచ్చి, రెండో విసురుకి ఇళ్ళల్లోకి పరిగెత్తారు. 'కాసేపు ఊరుకుంది, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చింది' అని ఆవిడ రాసింది కల్పన కాదు. అందుకే మొదటి సగంలో అక్షరాలు కుడి నుంచి ఎడమకి పోతాయి, చదివే కంటికి ఎదురుగా. రెండో సగంలో ఎడమ నుంచి కుడికి, కంటికంటే ముందు.

మధ్యలో ఎంతసేపు ఊరుకోవాలి? నేను ఆరు సెకన్లు అన్నాను. తెర మీద ఆరు సెకన్లంటే చాలా ఎక్కువ, నా కవితల్లో నాలుగు దాటలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని, "ఇంకా, ఇంకా" అంటూ కూర్చుని ఒకచోట చెయ్యెత్తారు. ఫోన్‌లో చూస్తే పంతొమ్మిది.

"జనం హ్యాంగ్ అయిందనుకుంటారండి."

"అనుకోనీ అమ్మాయ్. మేం కూడా అయిపోయిందనే అనుకున్నాం."

మేడమ్ పోయి అమ్మాయ్ వచ్చింది. మొదట్లో నేను ఏమన్నా తలూపిన మనిషి ఏడో శనివారం నాతో అరగంట పోట్లాడి గెలిచారు. ఈ కేసులో మెరుగుదల అంటూ నేను చూపించగలిగింది ఇదే. 'ఇప్పుడు నమ్మకం వచ్చిందా' అని ఆవిణ్ణి అడగలేదు, అడిగితే లేదనే అంటారు.

ఫైల్‌ని షో రూపంలో, పీపీఎస్ఎక్స్‌గా దాచి, ఫాంట్లు ఫైల్‌లోనే పొదిగాం. ఫోన్‌లో పంపి చూస్తే మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వీడియోగా మార్చుకోవచ్చు, మార్చి చుట్టాలకి పంపుకున్నారు కూడా. నాకు నచ్చలేదు. వీడియోలో నొక్కడం లేదు, అంటే ఇవ్వడం లేదు. చుట్టాలు బాగుందన్నారట, సరే. 2020 చివర్లో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయినప్పుడు దానిలో కట్టిన కవితలు ఎన్నో తెరుచుకోకుండా పోయిన సంగతి గుర్తు పెట్టుకుని, ఒక్కో దశ తెర ఫోటోలు తీసి, కవిత పాఠంతో కలిపి కాగితం మీద అచ్చు వేయించాం. ఆ పేజీ సెట్టింగ్ ఆవిడే చేసుకున్నారు, పది నిమిషాల్లో.

చూపించిన రోజు

మా క్లాసురూములోనే. ప్రొజెక్టర్ వద్దనుకున్నాం. బల్ల మీద ఒక ల్యాప్‌టాప్, ఒక మౌస్, ఒక కుర్చీ. ఒక్కొక్కరే కూర్చోవాలి. పదకొండు మంది వచ్చారు, అందులో ఇద్దరు ఆవిడ ఒకప్పుడు పుస్తకాలు టైపు చేసిన కవులు. ఆవిడ టెన్షన్‌తో వరండాలో నిలబడ్డారు, లోపలికి రానన్నారు.

పంతొమ్మిది సెకన్ల దగ్గర ముగ్గురు నా వైపు తిరిగి "ఆగిపోయినట్టుంది" అన్నారు. నేను మాట్లాడలేదు. ఒకమ్మాయి అడుగున ఒత్తుని చూసి వేలితో తెరని ముట్టుకుంది. ఒక కవి "కవిత బాగుంది, ఈ ఆర్భాటం లేకపోయినా బాగుండేది" అన్నారు. అది కూడా ఒక అభిప్రాయమే. కాగితం కాపీ ఇచ్చాను.

ఆఖరున ఒక పెద్దాయన కూర్చున్నారు. ఫిషింగ్ హార్బర్ వైపు ఇల్లట. కిటికీ మీద నొక్కారు. 'ఇచ్చేశాం' వచ్చింది. 'తలుపు అడిగింది' అని వచ్చింది. ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నారు. నిమిషం అయింది. ఆయనకి అర్థం కాలేదేమోనని దగ్గరికి వెళ్ళాను.

"తలుపు మీద నొక్కాలి బాబాయ్."

"తెలుసమ్మా. ఇవ్వకపోతే ఏమవుద్ది?"

ఏమీ అవదు. మేం ఆ సంగతే ఆలోచించలేదు. తెర మీద గాలి తలుపు దగ్గర నిలబడి ఉంది, ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిడ ఎప్పుడు లోపలికి వచ్చారో, ఆయన కుర్చీ వెనక నిలబడి చూస్తున్నారు.

ఆయన నొక్కకుండానే లేచి వెళ్ళిపోయారు. మిగతా కవిత చూడలేదు.

తర్వాతి శనివారం ఆవిడ క్లాసుకి ముందే వచ్చి సిస్టమ్ ఆన్ చేసుకుని కూర్చున్నారు. "గాలి అంతసేపు ఆగుద్దా అమ్మాయ్?" అన్నారు. స్లైడ్‌ని తలుపు దగ్గర రెండు చేశాం. తలుపు మీద నొక్కితే లింకు ఇంకాస్త వెనకున్న స్లైడ్‌కి తీసుకెళ్తుంది. నొక్కకపోతే ట్రాన్సిషన్స్‌లో పెట్టిన సమయానికి దానంతట అదే వరసలో తర్వాతి స్లైడ్‌కి మారుతుంది. అలా మారి వచ్చినవాళ్ళు చూసే స్లైడ్ వేరు, అందులో తలుపు ఉండదు, 'ఇచ్చేశాం' కూడా ఉండదు. ఎన్ని సెకన్లు పెట్టాలో ఆవిడే తేల్చారు. నలభై.

ఫైల్ పేరు ఇప్పుడు గాలి_11. పెద్దాయనకి కబురు పంపాం, ఇంకా రాలేదు.